దోషం లేదన్న గోడ

మీ ఇంటి గోడ బీట వారితే ముందు ఎవరిని పిలుస్తారు, మేస్త్రీనా, పంతులునా? నలుగురి ముందు అడిగితే అందరూ మేస్త్రీనే అంటారు. నేను అడిగేది తలుపు వేసుకున్న తర్వాత సంగతి. ఇంట్లో పెద్దవాళ్లు ముఖం ముడుచుకుని కూర్చున్నప్పుడు, పక్కింటివాళ్లు గోడ వైపు చూసి గొంతు తగ్గించి మాట్లాడినప్పుడు మీ కాళ్లు ఎటు నడుస్తాయో చెప్పండి.

డెబ్బైలలో, గోదావరిఖనిలో, మా అక్క ఒక ఇల్లు కొనబోయినప్పుడు ఈ ప్రశ్న మా ఇంటి గడప దాకా వచ్చింది.

మా బావది బొగ్గుబాయిలో టింబర్ పని. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టాలి. ఎన్నో ఏళ్లు ఆ పని చేసి చేసి అతని ఊపిరి పాడైంది. డాక్టర్లు పరీక్ష చేసి అన్‌ఫిట్ రాశారు. డ్యూటీ పోతే క్వార్టరు కూడా ఖాళీ చేయాలి. ఊళ్లో ఉన్న కాస్త భూమిని బావ అన్నదమ్ములు ఎప్పుడో పంచుకున్నారు. బావ వంతుకు ఒక గట్టు మిగిలింది. అక్క మాత్రం ముందే తేల్చి చెప్పింది.

"నేను ఊరికి రాను. వాళ్ల దొడ్లె గుడిసె ఏసుకొని, తోటికోడండ్లు పొద్దుకోమాట అంటుంటే పడుడు నాతోని కాదు. గీడనే ఓ రెండర్రల ఇల్లు సూడు. లేకుంటే నన్ను గోదాట్ల ఏసిరా."

"గోదాట్ల ఏసుటానికి గూడ ఇప్పుడు దమ్ము లేదే నాకు," అన్నాడు బావ దగ్గుతూ.

దొరికిన ఇల్లు బజారుకు కొంచెం దూరంగా, గూనపెంకులతో, ఇటుకలూ మట్టీ కలిపి కట్టిన గోడలతో ఉండేది. అమ్మేవాడు కూడా బాయి కార్మికుడే. బొగ్గు కొట్టే పనిలో బావకంటే చాలా సీనియర్. బావ అతన్ని కాకా అని పిలిచేవాడు. మేమూ అలాగే పిలిచాం. భార్య పోయి చాలా కాలమైంది. తల్లి ఉంది. ఆమెను ఆ వీధి మొత్తం అవ్వ అనే పిలిచేది. రిటైరు కాగానే తల్లిని తీసుకుని మందమర్రిలో ఉన్న కూతురి దగ్గరికి పోవాలని కాక ఆలోచన.

బేరం కుదిరిన రోజు నేనూ వెళ్లాను. వాకిట్లో చాప వేశారు. కల్లు తెప్పించారు. లోపల అవ్వ కోడికూర వండుతోంది. మధ్యవర్తిగా పక్క వీధి నుంచి రిటైరైన ఒక క్లర్కును పిలిచారు. ఆయన క్రైస్తవుడు. ప్రతి ఆదివారం చర్చికి, మిగతా రోజులు ఇలాంటి పంచాయితీలకు వెళ్లేవాడు. నీళ్లు కలిపిన మాట ఆయన నోట రాదని పేరు. ఆయన గొంతు సవరించుకుని అందరూ వినేలా అడిగాడు.

"సూడు, కొనేటోని ముంగట అడుగుతున్న. ఇంట్ల ఏమన్న దోషం ఉన్నదా?"

"ఏ దోషం లేదు సారు," అన్నాడు కాక. "పంతులును పిలిచి సూపించిన. శాంతి గూడ చేయించిన. గింతంత దోషం గూడ లేదు."

"దోషమే లేకపోతే శాంతి దేనికి కాకా?" అన్నాను నేను.

చాప మీద వాళ్లందరూ నవ్వారు. సాయంత్రాలు గ్రంథాలయంలో దేవుడి మీద, జాతకాల మీద నేను చేసే వాదనలు అక్కడ అందరికీ తెలుసు.

"మొదలువెట్టిండు నీ బామ్మర్ది," అన్నాడు మధ్యవర్తి బావతో. "కూర సల్లారకముందు తిననియ్యి."

తిన్నాం. తాగేవాళ్లు తాగారు. బావ బయానా, అంటే అడ్వాన్సు డబ్బు, కాక చేతిలో పెట్టాడు. మా వైపు ఆ మాటకు చాలా బరువు ఉంది. బయానా ఇచ్చి, ఆ ఇంట్లో తిని చెయ్యి కడిగిన తర్వాత వెనక్కి పోవడమంటే అమ్మేవాణ్ని దొంగ అనడమే. రిజిస్ట్రేషన్‌కు మంచిరోజు చూశారు. అది ఆషాఢం దాటాక వచ్చింది. ముహూర్తం కోసం ఆగడం వల్ల నా ఎరుకలో ఒక మనిషికి మేలు జరిగింది ఆ ఒక్కసారే. ఆ మధ్యలో ముసురు పట్టింది.

ఇల్లు చూసిన రోజు నుంచి నాకు ఒక సంగతి మనసులో మెదులుతూనే ఉంది. మా దగ్గర ఇళ్లకు దసరా ముందు సున్నం వేస్తారు. వానాకాలం మధ్యలో ఎవరూ వేయరు. ఈ ఇంటి వెనక గోడ మాత్రం పాలు పోసినట్టు తెల్లగా ఉండేది. అమ్మే ఇల్లు కదా, ముస్తాబు చేశారని అక్క అంది. నేనూ సరే అనుకున్నాను.

ముసురు నాలుగైదు రోజులు విడవకుండా కురిసింది. ఒకరోజు మధ్యాహ్నం బియ్యం డబ్బా ఎక్కడ పట్టేదీ చూసుకుందామని అక్క ఆ ఇంటికి వెళ్లింది. వెళ్లినంత సేపు పట్టలేదు తిరిగి రావడానికి. నేను బడిలో పాఠాలు చెప్పి వస్తుంటే దారిలోనే ఎదురైంది. గొడుగు చేతిలో ఉంది కానీ తెరిచి లేదు.

"తమ్మీ, ఇల్లు వద్దురా. గోడ నెత్తురు గక్కుతున్నది."

బావను కూడా తీసుకుని ముగ్గురం వెళ్లాం. అక్క గడప దగ్గరే ఆగిపోయింది. లోపల తెల్లటి వెనక గోడ మీద, దూలం ఆనిన చోటి నుంచి ఏటవాలుగా కిందికి, ఒకదాని కింద ఒకటి ఎర్రటి మరకలు. కొన్ని చారలుగా కారాయి. అవ్వ తడిగుడ్డతో తుడుస్తోంది. తుడిచిన కొద్దీ ఎరుపు ఇంకా వెడల్పు అవుతోంది.

చూడ్డానికి నిజంగానే భయమేసేలా ఉంది. అబద్ధం చెప్పను. కానీ భయం వేసినంత మాత్రాన చూపు మానేయాల్సిన పని లేదు. దగ్గరికి వెళ్లి వేలితో అద్ది వాసన చూశాను. పసుపు.

"అక్కా, పిల్లలకు దిష్టి తీసే ఎర్రనీళ్లు ఎట్ల చేస్తవు?"

"ఎట్ల చేస్త? పసుపుల సున్నం కలుపుత."

"మరి గోడ మీద ఉన్నదేంది?"

 అక్క గడప దాటి లోపలికి వచ్చింది. తనూ ఒక మరకను గోటితో గీకి చూసి, సిగ్గూ నవ్వూ కలిసిన ముఖంతో అంది.

"నా తోడు... పసుపు బొట్లు వెట్టి మీద సున్నం ఏసిన్రు. వాన తడికి పైకి తేలింది. నేనింక ఏందో అనుకుంటి."

"అవ్వా, గీ బొట్లు ఎవరు పెట్టిన్రు?" అని అడిగాను.

అవ్వ గుడ్డ పిండుతూ, పెద్ద విశేషమేమీ కానట్టు చెప్పింది. "పంతులు వెట్టిండు బిడ్డా, శాంతి నాడు. పగులు పొంటి పెట్టుకుంట వచ్చిండు."

పగులు పొంటి, అంటే పగులు వెంబడే. ఆ రెండు మాటలు గదిలో ఉండిపోయాయి. అవ్వకు తను ఏం చెప్పిందో తెలిసినట్టు లేదు. బావకు తెలిసింది. అతను గోడ దగ్గరికి వెళ్లి మరకల మధ్య సున్నాన్ని గోటితో గీకాడు. పెళ్ల ఊడింది. దాని వెనక మెత్తిన మట్టి చేతిలోకి వచ్చింది. మట్టి రాలిన చోట బావ వేలు లోపలికి పోయింది.

అప్పటిదాకా భయపడిన అక్క ఇప్పుడు ఊపిరి పీల్చుకుంది. "గంతేనా? పగులేనా? నేను దయ్యమో ఏందో అనుకున్న."

నాకు ఒళ్లు మండింది. గోడలో దయ్యం ఉంటే ఇల్లు వద్దు, గోడలో చీలిక ఉంటే పర్వాలేదు! మొదటి భయం వట్టిది. రెండోదానికి భయపడాలి, దానికి భయపడటం లేదు. ఆ గోడ మీద దూలం ఉంది. దూలం మీద ఇంటి పైకప్పంతా ఉంది. దాని కిందే పిల్లల పక్కలు వేయాలని అక్క అంతకు ముందే లెక్క వేసుకుంది.

కాక షిఫ్టు దిగి వచ్చేసరికి మేం అక్కడే ఉన్నాం. మసి కడుక్కున్న ముఖం మీద ఇంకా నీళ్లు ఆరలేదు. గోడ చూశాడు, మమ్మల్ని చూశాడు.

"కాకా, దోషం లేదంటివి," అన్నాడు బావ నెమ్మదిగా.

"ఇప్పుడు గూడ అదే అంట. దోషం ఉన్నదా అని అడిగిన్రు. లేదన్న. ఉండే, తీయించిన. నా పైసలు వెట్టి తీయించిన."

"మరి పగులు?"

"పగులు అడిగిన్రా మీరు?"

"పగులు దోషం కాదా కాకా?" అన్నాను నేను.

"పగులు దోషంతోని వచ్చింది సారు. దోషం పోయింది. ఇంక ఆ పగులు ఏం జేస్తది?"

గ్రంథాలయం చర్చల్లో చాలామందిని విన్నాను. ఇంత పొందికగా మాట్లాడినవాళ్లు తక్కువ. కారణం పోయింది కనుక ఫలితానికి బలం లేదు! అతను అబద్ధం ఆడలేదు. మోసం చేయాలనుకున్నవాడైతే ఆ గోడ కింద సొంత తల్లి మంచం వేయడు కదా. అవ్వ మంచం ఆ గోడకు ఆనించే ఉంది. పొయ్యి వెచ్చదనం తగులుతుందని ఆమె రోజూ అక్కడే పడుకునేది. అతను ఇల్లు బాగు చేయించాననే నమ్మాడు. పంతులు వచ్చి మంత్రం చదివి బొట్లు పెట్టాడు. సందులో మట్టి మెత్తి పైన సున్నం కొట్టారు. మరమ్మతు అయిపోయింది. దోషం అనే ఒక్క మాట మేస్త్రీ చూడాల్సిన గోడను పంతులు చేతికి అప్పగించింది.

మధ్యవర్తిని పిలిపించాం. ఆయన గొడుగు వాకిట్లో పెట్టి, గోడ చూసి, కండ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"బయానా ఇచ్చిన్రు. ఈ ఇంట్ల తిన్నరు. మాట అయిపాయె," అన్నాడు. "ఇప్పుడు వద్దంటే ఈయనను బదనాం చేసినట్టు. కావాలంటే మా పాస్టరును తోల్కొస్త. మంచిగ ప్రార్థన చేస్తడు. ఏ దేవుడైతేంది?"

"సారూ, పంతులు చేసిన మరమ్మతు మీద పాస్టరు మరమ్మతా? తర్వాత దర్గాకు గూడ పోదామా?"

"నీతోని ఎవరు మాట్లాడుతరయ్యా," అంటూ ఆయనే నవ్వేశాడు.

నవ్వు అయిపోయాక ఎవరికీ దారి తోచలేదు. ఇల్లు వదులుకుంటే క్వార్టరు ఖాళీ చేసే రోజుకు అక్క చేతిలో ఇంకో ఇల్లు లేదు. తీసుకుంటే ఆ గోడ కింద పడుకోవాలి. 

"బాయిల పేలుళ్లకు ఊరంత గిట్లనే ఉన్నది," అన్నాడు కాక ఇంకో దారి వెతుక్కుంటూ. "ఎవ్వని ఇంట్ల లేదు పగులు?"

వాన సన్నబడితే బయటికి వెళ్లి చూశాం. పక్కిల్లు అదే కాలంలో, అలాగే కట్టింది. దాని గోడ నిటారుగా, చెక్కుచెదరకుండా ఉంది. కాక ఇంటి వెనక మాత్రం స్నానాలు చేసే, గిన్నెలు తోమే జాలారు గోడకు అంటుకునే ఉంది. కింది బండ విరిగింది. స్నానం నీళ్లు, గిన్నెలు తోమిన నీళ్లు బయటికి పోయే దారి లేక ఏళ్ల తరబడి గోడ పాదంలోకే ఇంకుతున్నాయి. అక్కడ నేల నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. బొట్లు పెట్టిన మనిషి ఒక్కసారి ఇంటి వెనక్కి వచ్చి ఉంటే తడి నేలలో అతని చెప్పు దిగబడేది.

నాకు బావ మీద కూడా కోపం వచ్చింది. బాయిలో అతను కప్పును కడ్డీతో తట్టి, మోత విని, ఆ తర్వాతే కింద అడుగు వేస్తాడు. తట్టకుండా ముందుకు పోయేవాణ్ని తిట్టిపోస్తాడు. ఇక్కడ పిల్లలు పడుకునే ఇంటి గోడను ఒక్కసారి కూడా తట్టలేదు.

"ఎందుకు తట్టలేదు బావా?"

"ఒకల ఇంటికి బువ్వకు పోయి గోడ తడుతమా? ఏమనుకుంటడు?" అన్నాడు. తర్వాత "అది బాయి. ఇది ఇల్లు గదా," అన్నాడు.

అంతే. మా వాళ్ల తెలివికి లోటు లేదు. షిఫ్టు దిగేటప్పుడు టోపీతో, దీపంతో పాటు ఆ తెలివిని కూడా బాయి దగ్గరే అప్పజెప్పి ఇంటికి వస్తారు.

"బాయిల గిసుంటి పగులు కనవడితే ఏం చేస్తరు?" అని అడిగాను.

జవాబు బావ, కాక ఇద్దరూ ఒకేసారి ఇచ్చారు. చీలికలో చెక్కముక్కను బిగువుగా కొట్టి వెళ్తారు. మళ్లీ వచ్చి చూసేసరికి చెక్క అలాగే బిగిసి ఉంటే చీలిక నిలిచినట్టు. ఊడి కింద పడితే చీలిక వెడల్పు అవుతున్నట్టు.

చెప్పడం అయిపోయాక ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"కొట్టు," అన్నాడు కాక. పౌరుషంగానే అన్నాడు. "నా ఇల్లే. కొట్టు. దోషం లేదని నేను అంటున్న. సూద్దాం."

బావ కట్టెపుల్లల్లోంచి ఒక ముక్క తీసి గొడ్డలితో చెక్కి, చీలికలో పెట్టి సుత్తెతో బిగించాడు. పట్టుకుని గుంజి చూశాడు, రాలేదు. అవ్వ మంచం మీద కూర్చుని ఇదంతా చూసింది.

"గోడ పడేటట్టుంటే నేనే సెప్త తియ్యి," అంది. "మీ చెక్క కంటే నాకే ముందు తెలుస్తది. నా మీదనే గదా పడేది."

వాన మళ్లీ పట్టింది. ఒక ఉదయం నేను వెళ్లేసరికి అక్క టీ పెడుతోంది, క్వార్టరు ముందు కాక నిలబడి ఉన్నాడు. నెత్తి మీద గోనెసంచి కొప్పెర కప్పుకున్నాడు. పిడికిట్లో చెక్కముక్క.

"చెక్క పడ్డది బిడ్డా," అన్నాడు బావతో.

"పిల్లిగిట్ల పడగొట్టిందేమో కాకా," అంది అక్క. ఆమెకు ఆ ఇల్లు కావాలి. అందుకే పిల్లి మీద పెట్టింది.

"పిల్లి సుత్తె వట్టుకొని తిరుగుతదా బిడ్డా?" అన్నాడు కాక. "పడుడు పక్కకు వెట్టు. మల్ల పెట్టిన. ఆగుతలేదు. సందు పెద్దగైంది. అవ్వ మంచం ముంగటి అర్రలకు జరిపిన. పొయ్యి గూడ బయట వెట్టిన."

"పంతులును అడిగినవా?" అన్నాను నేను. ఎగతాళికి అనలేదు, తెలుసుకోవాలనే అడిగాను.

కాక నా వైపు విసుగ్గా చూశాడు. "బాయిల చెక్క పడితే ఎవల్నన్న అడుగుతమా సారు? ఉరుకుతం."

నేను ఎన్ని ఉపన్యాసాలు చెప్పినా అతను మారేవాడు కాదు. మార్చింది నేను కాదు. అతను ఒక పరీక్షను ఏళ్ల తరబడి నమ్మాడు. దాని వల్లే ప్రాణంతో ఇంటికి వచ్చాడు. అదే పరీక్షను ఇంటికి తెచ్చాక దాన్ని కాదనలేకపోయాడు.

ఆ తర్వాత మాటలు ఎక్కువ అవసరం కాలేదు. గోడ దించి మళ్లీ కట్టించే బాధ్యత కాక తీసుకున్నాడు. అనుకున్న ధర మారలేదు. ఎవరూ ఎవరినీ బదనాం చేయలేదు. మధ్యవర్తికి అది అన్నిటికంటే తృప్తి. వాన ఆగాక పని మొదలుపెట్టారు. బావకు దుంగ ఎత్తే శక్తి లేదు. స్టూలు మీద కూర్చుని, దూలం కింద దుంగలు ఎక్కడ నిలబెట్టాలో చెప్పాడు. కాకా, ఒక మేస్త్రీ కలిసి నిలబెట్టారు. దూలం బరువు దుంగల మీదికి వచ్చాక గోడకు చేయి వేశారు. గడ్డపార అవసరం కాలేదు. కింది వరసల ఇటుకలు చేతితోనే ఊడి వచ్చాయి. వాటి మధ్య మట్టి తడిపిన పిండిలా ఉంది. అక్క ఒక ముద్ద తీసి వేళ్ల మధ్య నలిపి చూసింది.

"గీడనే పిల్లలకు పక్క ఏద్దామనుకున్న," అంది. 

కొత్త గోడకు పునాది లోతుగా తీశారు. జాలారును దొడ్డి చివరికి జరిపి, నీళ్లు వీధి కాలువలోకి పోయేలా బండలు పరిచారు. ఇంతలో ముందు అనుకున్న మంచిరోజు దాటిపోయింది. మధ్యవర్తి క్యాలెండరు చంకలో పెట్టుకుని వచ్చాడు.

"ఇగ రిజిస్ట్రేషన్‌కు మంచిరోజు ఎప్పుడు సూడాలె బిడ్డా?" అని అక్కను అడిగాడు.

"గోడ ఆరిన్నాడు సారు," అంది అక్క.

గోడ ఆరింది. రిజిస్ట్రేషన్ అయింది. క్వార్టరు తాళం అప్పగించి అక్క ఆ ఇంట్లోకి మారింది. అక్క పూజలు మానలేదు. నేను ఆమెతో వాదించడమూ మానలేదు. కానీ ఆ తర్వాత ఆ వీధిలో ఎవరు ఇల్లు కొంటున్నా ముందు అక్కను తీసుకుపోయేవాళ్లు. ఆమె దేవుడి అర్ర చూడకముందే ఇంటి వెనక్కి నడిచి, స్నానం నీళ్లు ఎటు పోతున్నాయో చూసేది. అమ్మేవాళ్లు ముఖం మాడ్చుకునేవాళ్లు. ఆమె పట్టించుకునేది కాదు.

మర్యాద అని మనం అనుకునేది చాలాసార్లు పిరికితనమే. ఎదుటివాడు నొచ్చుకుంటాడని గోడ తట్టం. అన్నం పెట్టాడని ప్రశ్న మింగేస్తాం. ఆ తర్వాత ఆ గోడ కింద పిల్లల్ని పడుకోబెడతాం. అడిగితే కాక నొచ్చుకునేవాడే. కానీ ఆ ప్రశ్న ఎవరైనా ముందే అడిగి ఉంటే మొదట బాగుపడేది అతని తల్లే.

కాబట్టి ఇల్లు కొనబోతున్న మీరు ఒక పని చేయండి. వాన పడుతుండగా ఆ ఇంటికి వెళ్లండి. దోషం ఉందా అని అడగకండి. ఎక్కడ పగిలింది, ఎప్పుడు పగిలింది, దానికి ఏం చేశారు అని అడగండి. కొత్త సున్నం కనిపిస్తే గోటితో గీకండి. అమ్మేవాడి ఎదురుగానే గోడ తట్టండి, మోత వినండి. వెంట మేస్త్రీని తీసుకెళ్లండి. ఆయన సరే అనేదాకా అక్కడ అన్నం తినకండి, సంతకం పెట్టకండి.